పనిచోట కొత్తగా ఆలోచించడం నేర్చుకోవచ్చా? విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఆటోనగర్ షెడ్లలో సూపర్‌వైజర్లు, ఆసుపత్రుల్లో నర్సింగ్ ఇన్‌చార్జిలు, రుషికొండ వైపు ఐటీ ఆఫీసుల్లో టీమ్ లీడ్లు, పరవాడ ఫార్మా ఉద్యోగులు. ఇలాంటివాళ్ళతో కూర్చుని, వాళ్ళ పనిలోని చిక్కులను కొత్తగా చూడటం సాధన చేయించడం నా పని. ఏ బ్యాచ్ వచ్చినా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. కొన్నింటికి జవాబు పెద్దది, కొన్ని రెండు మాటల్లో తేలిపోయేవి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి.

ఇది పుట్టుకతో రావాల్సింది కదండీ, నేర్చుకుంటే వస్తుందా?

వస్తుంది. అందరికీ ఒకే మోతాదులో రాదు, అది వేరే సంగతి.

1950లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా జె.పి. గిల్‌ఫర్డ్ చేసిన ప్రసంగం ఈ విషయంలో పెద్ద మలుపు. తెలివితేటల మీద ఇంత పని చేస్తున్నాం, కొత్తది పుట్టించే శక్తిని మాత్రం ఎందుకు వదిలేశామని ఆయన సాటి శాస్త్రవేత్తలను నిలదీశారు. ఆ తర్వాతే దీన్ని కొలవడం, నేర్పడం ఊపందుకుంది. 2004లో స్కాట్, లెరిట్జ్, మమ్‌ఫర్డ్ అనే ముగ్గురు పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన 70 శిక్షణ అధ్యయనాలను ఒకచోట చేర్చి చూశారు. బాగా రూపొందించిన శిక్షణకు ఫలితం ఉంటుందని తేలింది. ఏ రకం శిక్షణకు ఎక్కువ ఫలితం ఉందన్నది ఇంకా ముఖ్యం. సమస్యను ఎలా విప్పాలి, విడివిడి ఆలోచనలను ఎలా కలపాలి లాంటి పద్ధతులు నేర్పి, నేర్చుకునేవాళ్ళ సొంత రంగంలోని సమస్యల మీదే సాధన చేయించినవి ముందున్నాయి.

అందుకే హోటల్ హాల్లో స్ట్రాలతో టవర్లు కట్టించి, గ్రూప్ ఫొటో దిగి, సమోసా టీతో ముగించే కార్యక్రమాల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. సరదాగా ఉంటాయి, కాదనను. సోమవారం పొద్దున సీట్లో కూర్చున్నాక మీ ఫైలు మాత్రం ఎక్కడ ఆగిందో అక్కడే ఉంటుంది.

నేను అకౌంట్స్‌లో ఉన్నాను. నాకు దీంతో పనేముంది?

అంకెల మీద మాత్రం మీ సృజన చూపించకండి, ఆడిటర్ వస్తాడు! మిగతాదంతా మీదే. బిల్లు ఎన్ని బల్లలు తిరుగుతోంది, వెండర్ రోజూ ఫోన్ చేసి ఏం అడుగుతున్నాడు, నెలాఖరు మూడు రోజులూ అందరూ రాత్రి దాకా ఎందుకు కూర్చుంటున్నారు. ఇవి మీకు కనిపించినట్టు ఎండీ గారికి కనిపించవు.

ఐడియాలు మా దగ్గర బోలెడు ఉన్నాయి. మరి ఏమీ మారదేం?

ఐడియా పుట్టడానికీ అది వాడకంలోకి రావడానికీ మధ్య చాలా దూరం ఉంటుంది కాబట్టి. అందరికీ తెలిసిన పసుపు రంగు పోస్ట్-ఇట్ కాగితాలనే తీసుకోండి. 3ఎం కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో ఆ జిగురు కనిపెట్టారు. గట్టిగా అంటుకోదు, అంటుకున్నది సులువుగా ఊడి వచ్చేస్తుంది. దాంతో ఏం చేయాలో ఏళ్ళ తరబడి ఎవరికీ తోచలేదు. చర్చిలో పాటలు పాడే ఆర్ట్ ఫ్రై అనే మరో ఉద్యోగికి పాటల పుస్తకంలో గుర్తు పెట్టుకున్న కాగితాలు జారిపోవడం పెద్ద చిరాకు. 1974లో ఆయనకు ఈ జిగురు గుర్తొచ్చింది. అమెరికా అంతటా అమ్మకానికి వచ్చింది 1980లో.

జిగురు ఒకరిది, చిరాకు ఇంకొకరిది, మధ్యలో పన్నెండేళ్ళు. మీ ఆఫీసులో జిగురు ఉన్నవాళ్ళూ చిరాకు ఉన్నవాళ్ళూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటారా? మొదట అది చూడండి. చాలాచోట్ల మెయింటెనెన్స్ వాళ్ళ క్యాంటీన్ బల్ల వేరు, ప్రొడక్షన్ వాళ్ళ బల్ల వేరు.

సరే, నేను ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్న పాకెట్ పుస్తకం కొనండి. ఫోన్‌లో రాసుకుంటానంటే మీ ఇష్టం. కానీ ఫోన్ తీసిన మనిషి వాట్సాప్ చూడకుండా పెట్టడు.

అందులో ఐడియాలు రాయొద్దు, చిరాకులు రాయండి. "లిఫ్టు దగ్గర ట్రాలీ తిప్పడానికి చోటు లేదు." "అదే రిపోర్టు ఇద్దరికి రెండు ఫార్మాట్లలో పంపుతున్నాం." "షిఫ్టు మారేటప్పుడు పంపు నంబర్ ఎప్పుడూ తప్పు రాస్తున్నారు." రోజుకు ఒకటి రెండు చాలు. రాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఎవరి పేరూ రాయకండి. పరిష్కారం కూడా అప్పుడే రాయకండి. పరిష్కారం రాసేశామంటే మనసు అక్కడితో తలుపు వేసేసుకుంటుంది.

కొన్ని వారాలయ్యాక పుస్తకం తిరగేస్తే రెండు మూడు చిరాకులు పదేపదే కనిపిస్తాయి. మీ చేతిలో ఉన్నంతమేరకు మార్చగలిగింది ఒకటి ఎంచుకోండి. కంపెనీ ప్రమోషన్ పాలసీ లాంటివి ఇప్పుడు వద్దు.

సమస్యను సరిగ్గా పట్టుకోవడం అంటే ఏమిటి? ఒక ఉదాహరణ చెప్పండి.

ఇది కాస్త వివరంగా చెబుతాను. సగం పని ఇక్కడే ఉంది.

ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. మధ్యాహ్నం వేసిన వెల్డింగుల్లో పోరోసిటీ వస్తోంది, అంటే జాయింటు లోపల సన్నటి గాలి రంధ్రాలు. గ్రైండర్ పెట్టి చెక్కేయడం, మళ్ళీ వేయడం, మళ్ళీ టెస్టు. సూపర్‌వైజర్ తన పుస్తకంలో "కొత్త ఓవెన్ కావాలి" అని రాసుకొచ్చారు. అది ఆయనకు తోచిన పరిష్కారం. సమస్య ఇంకా కాగితం మీదికి రాలేదు.

పోరోసిటీ ఎందుకు వస్తోంది? వెల్డింగ్ రాడ్లకు చెమ్మ పట్టింది. 7018 లాంటి లో-హైడ్రోజన్ రాడ్ల మీది పూత గాల్లోని తేమను పీల్చుకుంటుంది. అందుకే వాటిని ఓవెన్‌లో బేక్ చేసి, వేడిగానే ఉంచి, వాడే ముందు బయటికి తీస్తారు. తీశాక మామూలు 7018 రాడ్డును నాలుగు గంటలకు మించి గాలికి వదలకూడదని అమెరికన్ వెల్డింగ్ కోడ్ చెబుతుంది. మన సముద్రపు గాలిలో ఆ గడువును తేలిగ్గా తీసుకోకూడదు. మరి చెమ్మ పట్టేదాకా ఎందుకు ఉంచారు? పొద్దున తీసిన కట్టనే సాయంత్రం దాకా వాడుతున్నారు. ఎందుకు? రోజుకు సరిపడా రాడ్లు ఒకేసారి తీసుకుంటున్నారు. ఎందుకు? స్టోర్ షెడ్డుకు ఆ చివర ఉంది, మళ్ళీ వెళ్ళాలంటే ప్రతిసారీ ఇండెంట్ (సరుకు కోరే చీటీ) మీద ఇన్‌చార్జి సంతకం కావాలి, ఆయన సీట్లో ఉండరు. సంతకం ఎందుకు? ఎప్పుడో రాడ్లు మాయమయ్యాయట, అప్పుడు పెట్టిన రూలు.

వెల్డర్ చేతిలో లోపం అనుకున్నది తీరా చూస్తే సంతకం దగ్గర తేలింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. వెల్డర్ పక్కన పెట్టుకునే చిన్న పోర్టబుల్ ఓవెన్లు షెడ్డులో ముందే ఉన్నాయి. వాటికి దగ్గరలో ప్లగ్ పాయింట్ లేక మూల పడేశారు. చివరికి చేసింది ఇంతే: రోజు కోటాను రెండు భాగాలు చేశారు, సంతకం పొద్దున ఒక్కటే, రెండో భాగాన్ని భోజనాల తర్వాత హెల్పర్ అందరికీ ఒకేసారి తెచ్చి ఇస్తాడు, నాలుగు చోట్ల ప్లగ్ పాయింట్లు వేశారు. కొత్త ఓవెన్ ఊసే లేదు.

ఇలా వరసగా "ఎందుకు" అని ఐదుసార్లు అడిగే అలవాటు టొయోటా నుంచి ప్రపంచమంతా పాకింది. ఐదే అడగాలని లేదు, నాలుగింటికి తేలితే తేలినట్టే. కానీ జవాబు ఒక మనిషి పేరు దగ్గర ఆగిపోతే మాత్రం తప్పకుండా ఇంకోసారి అడగండి. "వెల్డర్ అశ్రద్ధ" అని రాసి సంతకం పెట్టేస్తే ఆ షెడ్డులో ఇవాళ్టికీ గ్రైండర్ మోగుతూనే ఉండేది.

బ్రెయిన్‌స్టార్మింగ్ పెడితే ఎవరూ నోరు విప్పడం లేదు. ఏం చేయాలి?

నోళ్ళు మూసి, పెన్నులు తీయించండి.

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది అలెక్స్ ఆస్‌బోర్న్ అనే అమెరికన్ ప్రకటనల రంగం పెద్దమనిషి. విమర్శ వద్దు, వీలైనన్ని ఐడియాలు చెప్పండి, విడ్డూరంగా ఉన్నా చెప్పండి, పక్కవాడి ఐడియాను పొడిగించండి అన్నవి ఆయన పెట్టిన నియమాలు. నియమాలు మంచివే. గుంపుగా కూర్చోవడం దగ్గరే తేడా వచ్చింది. 1958లో యేల్ విశ్వవిద్యాలయంలో నలుగురు కలిసి కూర్చున్న గుంపులనూ, విడివిడిగా కూర్చుని రాసిన నలుగురి జాబితాలనూ పోల్చి చూశారు. విడిగా రాసినవాళ్ళ దగ్గరే ఎక్కువ ఐడియాలు వచ్చాయి, దాదాపు రెట్టింపు. 1987లో డీల్, స్ట్రోబె అనే ఇద్దరు దీనికి ముఖ్య కారణం పట్టుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్ళు తమ వంతు కోసం ఆగాలి, ఆ ఆగడంలో బుర్రలోని ఆలోచన జారిపోతుంది.

మన దగ్గర ఇంకో కారణం కలుస్తుంది, దానికి పరిశోధన అక్కర్లేదు. మీటింగ్ మొదలవుతుంది. "ఫ్రీగా చెప్పండమ్మా, ఏం ఫర్లేదు" అంటారు డీజీఎం గారు. రెండు సెకన్లు ఆగి, "నాకైతే బార్‌కోడ్ పెడితే సరిపోతుందనిపిస్తోంది" అని తనే అంటారు. ఇక గదిలో ఎవరిని అడిగినా బార్‌కోడే. "కరెక్ట్ సార్" అన్న మాట వినిపించిందంటే ఆ సమావేశం అయిపోయినట్టే లెక్క.

నేను వాడేది 1968లో బెర్న్‌డ్ రోర్‌బాఖ్ అనే జర్మన్ రూపొందించిన 6-3-5 పద్ధతి. ఆరుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరు కాగితం మీద మూడు ఐడియాలు, ఐదు నిమిషాల్లో రాయాలి. కాగితం పక్కవాళ్ళకు జరుగుతుంది. వాళ్ళు అది చదివి, కింద ఇంకో మూడు రాస్తారు. ఆరు రౌండ్లు తిరిగేసరికి అరగంటలో 108 వస్తాయి. అందులో సగం ఒకటే మాట తిప్పి తిప్పి రాసినవి ఉంటాయి, కొన్ని పనికిరావు, ఏం ఫర్లేదు. చేతిరాత గుర్తుపడతారని భయపడేవాళ్ళు ఉంటే ప్రింట్ అక్షరాల్లా విడివిడిగా రాయమనండి. పెద్దవాళ్ళను ఆ అరగంట గదిలోకి రానివ్వకండి, లేదా వాళ్ళ చేతికీ ఒక కాగితం ఇవ్వండి.

ముందు విడిగా రాయడం, తర్వాత కలిసి ఎంచుకోవడం. ఎంచుకునేటప్పుడు మాత్రం వాదించుకోవాలి, అక్కడ మొహమాటం పనికిరాదు.

పది ఐడియాలు రాసేసరికి ఆగిపోతున్నాను.

అందరూ ఆగుతారు. మొదటి పదీ ఎవరికైనా తోచేవే కాబట్టి, అసలు పని పదకొండోదాని నుంచి మొదలవుతుంది. అక్కడ మిమ్మల్ని మీరు ప్రశ్నలతో గిచ్చుకోండి. ఈ మెట్టు తీసేస్తే? వరస తలకిందులు చేస్తే? రెండు ఫారాలు కలిపేస్తే? వేరే పనికి కొన్న వస్తువును దీనికి వాడితే? కస్టమరే ఈ పని చేసుకుంటే? ఆస్‌బోర్న్ జాబితాను కుదించి 1971లో బాబ్ ఎబర్లీ తయారుచేసిన స్కాంపర్ అనే ఏడు ప్రశ్నల వరస ఉంది, ఇంటర్నెట్‌లో సులువుగా దొరుకుతుంది. ఏడూ ప్రతిసారీ పనికిరావు. "తీసేస్తే?" అన్న ఒక్క ప్రశ్న మీదే ఎక్కువ సమయం పెట్టండి, మన ఆఫీసుల్లో తీసేయాల్సినవే ఎక్కువ.

రష్యావాళ్ళ పద్ధతి ఏదో ఉందంటారు, అదేమిటి?

ట్రిజ్. ఉక్కు కర్మాగారం సోవియట్ సహకారంతో కట్టిన ఊళ్ళో ఈ ప్రశ్న రావడం నాకు ఇష్టమే. గెన్రిఖ్ ఆల్ట్‌షుల్లర్ సోవియట్ నౌకాదళంలో పేటెంట్ల పని చూసేవారు. 1946 నుంచి ఆవిష్కరణలను వరసగా పరిశీలిస్తూ, రంగాలు వేరైనా పరిష్కారాల్లో అవే కిటుకులు తిరిగి తిరిగి వస్తున్నాయని గమనించారు. దేశంలో ఆవిష్కరణల తీరు బాగాలేదని స్టాలిన్‌కు ఉత్తరం రాసి శిబిరాల పాలయ్యారు. స్టాలిన్ చనిపోయాక, 1954లో బయటికొచ్చారు. (పై అధికారికి సలహా ఇచ్చే విషయంలో మీకున్న భయాలు దీని ముందు చిన్నవే!) ఆయన చివరికి తేల్చిన సూత్రాలు 40.

అందులో ముఖ్యమైన ఆలోచన: చిక్కు సమస్యలన్నింటిలోనూ ఒక పీటముడి ఉంటుంది. ఇది కావాలంటే అది చెడుతుంది. మధ్యేమార్గంగా చెరిసగం సర్దుకోకుండా ముడినే విప్పాలి. ఆసుపత్రి డిశ్చార్జి తీసుకోండి. డాక్టర్ గారు పొద్దున రౌండ్స్‌లో చూస్తే గానీ ఇంటికి పంపాలో లేదో తేలదు. తేలాక మిగిలిన మందులు ఫార్మసీకి వాపసు, ల్యాబ్ బకాయిలు, బిల్లింగ్, ఇన్సూరెన్స్ అనుమతి. బెడ్డు మీద మనిషి చొక్కా మార్చుకుని కూర్చుని ఉంటాడు, ఊరి నుంచి వచ్చిన బావమరిది ఆటో మాట్లాడేసి ఉంటాడు, సాయంత్రమైనా కాగితం రాదు. నిర్ణయం ముందే జరగదు, కాగితాలు ముందే కావాలి. ఇదీ ముడి. 40లో పదో సూత్రం "ముందుగానే చేసిపెట్టు". రేపు పంపేస్తారనిపించిన పేషెంట్ల జాబితా రాత్రి డ్యూటీ సిస్టర్ తయారుచేసి, అక్కరలేని మందులు రాత్రే వాపసు చేసి, బిల్లు ముసాయిదా సిద్ధం చేయిస్తే పొద్దున మిగిలేది డాక్టర్ గారి మాట, చివరి లెక్క, ఇన్సూరెన్స్. ఇందాకటి రాడ్ల కట్టను రెండు భాగాలు చేయడం మొదటి సూత్రం, "విడగొట్టు".

నలభై బట్టీ పట్టకండి. నాలుగైదు చేతికి అలవాటైతే చాలు.

టెన్షన్‌లో ఉంటే ఏమీ తోచదు. అదేం చేయాలి?

లేచి నడవండి. 2014లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఓపెజో, ష్వార్జ్ ప్రచురించిన ప్రయోగాల్లో, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు మనుషులకు కొత్త ఐడియాలు ఎక్కువ వచ్చాయి. బయటే నడవాలని కూడా లేదు, ట్రెడ్‌మిల్ మీద గోడను చూస్తూ నడిచినా ఫలితం కనిపించింది. ఒకే సరైన జవాబుండే పదాల పజిళ్ళకు మాత్రం నడక పనిచేయలేదు. బీచ్ రోడ్డు ఉన్న ఊళ్ళో ఇంతకంటే చెప్పక్కర్లేదు.

గ్రాహం వాలస్ 1926లోనే ఆలోచన నాలుగు దశల్లో సాగుతుందని రాశారు: సన్నాహం, ఊరబెట్టడం, తట్టడం, సరిచూడటం. రెండోదాన్ని మనవాళ్ళు బద్ధకం అనుకుంటారు. కానీ ఆవకాయ కలిపిన రోజే జాడీ మూత తీసి రుచి చూస్తే ఏం తెలుస్తుంది? అలాగని కలపకుండా ఊరదు. సమస్య మీద గట్టిగా కూర్చున్నాకే నడక. ఏమీ చదవకుండా సముద్రం చూస్తూ కూర్చుంటే ఐడియా రాదు, గాలి మాత్రం బాగుంటుంది.

ఐడియాను పై అధికారి దగ్గరికి ఎలా తీసుకెళ్ళాలి?

"సార్, ఒక ఐడియా ఉంది" అని మొదలుపెట్టకండి. ఆయన చెవికి అది "సార్, మీకొక పని ఉంది" అని వినిపిస్తుంది.

ఇలా వెళ్ళండి: "సార్, గత వారం రీవర్క్‌కి రెండు పూటలు పోయాయి. బే-2లో మాత్రం వచ్చే వారం రాడ్లు రెండు విడతలుగా ఇచ్చి చూస్తాం. ఖర్చు లేదు. శనివారం మీకు చూపిస్తాను, బాగోకపోతే పాత పద్ధతే." ఇందులో ఆయనకు కావలసినవన్నీ ఉన్నాయి. నష్టం ఎంత, ప్రయోగం ఎంత చిన్నది, వెనక్కి రాగలమా, ఎప్పుడు తేలుతుంది. వద్దనడానికి ఆయనకు కారణం వెతుక్కోవాల్సి వస్తుంది.

ఇంకొకటి. మీ మార్పు వల్ల ఎవరికి పని పెరుగుతుందో, ఎవరి పెత్తనం తగ్గుతుందో ముందే చూసుకుని, అధికారి కంటే ముందు వాళ్ళతో మాట్లాడండి. రాడ్ల సంతకం తగ్గిస్తే స్టోర్ ఇన్‌చార్జి గారు నొచ్చుకుంటారు. "రిజిస్టర్ మీ దగ్గరే ఉంటుందండి, లెక్క మీరే చూస్తారు" అన్న ఒక్క మాటతో ఆయన మనవైపు ఉంటారు. ఈ పని చేయక మూలపడ్డ మంచి ఐడియాలు లెక్కలేనన్ని.

మా ఆఫీసులో సలహాల పెట్టె ఉంది, ఎవరూ ఏమీ వేయరు.

దాని తాళం ఒకసారి చూడండి. మన ఊరి గాలికి తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటే, దాన్నెవరూ తెరవడం లేదని సిబ్బందికి మీకంటే ముందే తెలుసు.

టొయోటా 1951లో సలహాల పథకం మొదలుపెట్టింది. ఆ ఆలోచన వాళ్ళ పెద్దలు అంతకుముందు ఏడాది అమెరికాలో ఫోర్డ్ ఫ్యాక్టరీ చూసినప్పుడు తెచ్చుకున్నదే. అరువు ఆలోచన, దశాబ్దాల పాటు నడిచింది. మన దేశంలో 1980ల మొదట్లో వచ్చిన క్వాలిటీ సర్కిళ్ళు విశాఖ ఉక్కు లాంటి పెద్ద సంస్థల్లో పాతుకున్నాయి. పనిచేసేవాళ్ళే చిన్న జట్టుగా కూడి తమ సమస్యను తామే ఎంచుకోవడం వాటి బలం. పోటీ కోసం పవర్‌పాయింట్ చేయడమే పనైపోయినచోట అవి కూడా నీరుగారిపోతాయి.

మేనేజర్ చేయాల్సింది ఒకటే పెద్ద పని: జవాబు ఇవ్వడం. వారంలోగా, రాసినవాళ్ళకు అర్థమయ్యేలా. "చేస్తున్నాం", "ఫలానా కారణం వల్ల చేయలేం", "ఇది కనుక్కుని రా, మళ్ళీ చూద్దాం". మూడింటిలో ఏదైనా సరే. "చేయలేం" అన్నా మళ్ళీ రాస్తారు, ఏమీ అనకపోతే రాయరు. హార్వర్డ్ ప్రొఫెసర్ ఎమీ ఎడ్మండ్సన్ 1999లో ప్రచురించిన అధ్యయనంలో, మాట్లాడితే మాట పడాల్సి వస్తుందన్న భయం లేని జట్లు బాగా నేర్చుకుంటాయని చూపించారు. ఆ భయం పోయేది పోస్టర్లతో కాదు. "నీకు చెప్పిన పని చూసుకో" అని ఒక్కసారి అందరి ముందు అంటే, ఆ గదిలో ఏడాది పాటు ఎవరూ నోరెత్తరు.

మంచి ఐడియాకు నగదు బహుమతి పెట్టాలా?

ఐడియా వచ్చాక గౌరవంగా ఇవ్వండి. ముందే ఆశ చూపిస్తే మాత్రం జాగ్రత్త. కార్ల్ డంకర్ రూపొందించిన కొవ్వొత్తి పజిల్ ఉంది. కొవ్వొత్తి, అగ్గిపెట్టె, పెట్టె నిండా పిన్నులు ఇచ్చి, కొవ్వొత్తిని గోడకు నిలబెట్టమంటారు. పిన్నులు ఒంపేసి పెట్టెనే గోడకు గుచ్చి దానిపై కొవ్వొత్తి పెట్టాలి. పెట్టె అంటే పిన్నులు పోసుకునేదే అన్న అలవాటు వల్ల అది తట్టదు. 1962లో శామ్ గ్లక్స్‌బర్గ్ ఇదే పజిల్‌కు డబ్బు ఆశ పెట్టి చూస్తే, ఆశ ఉన్నవాళ్ళకే ఎక్కువ సమయం పట్టింది. పిన్నులు ముందే బయట పోసి ఇస్తే మాత్రం వాళ్ళే ముందు పూర్తిచేశారు. దారి తెలిసిన పనికి డబ్బు వేగం పెంచుతుంది, దారి వెతకాల్సిన పనికి చూపు ఇరుకు చేస్తుంది.

మాది ఫార్మా. ఎస్‌ఓపీ (రాసిపెట్టిన పని పద్ధతి) దాటితే ఉద్యోగమే పోతుంది. మాకు ఇది ప్రమాదం కాదా?

ప్రమాదమే, అందుకే ఈ జవాబు జాగ్రత్తగా చదవండి. రియాక్టర్లు, సాల్వెంట్లు, ప్రెషర్ లైన్లు ఉన్నచోట "ఒకసారి ట్రై చేద్దాం" అన్న మాటే వినిపించకూడదు.

1974 జూన్ 1న ఇంగ్లండ్‌లోని ఫ్లిక్స్‌బరో రసాయన కర్మాగారంలో 28 మంది చనిపోయారు. వరసగా ఉన్న ఆరు రియాక్టర్లలో ఒకటి పగులు ఇచ్చింది. ఉత్పత్తి ఆగకూడదని దాన్ని తీసేసి, మధ్యలో తాత్కాలికంగా బైపాస్ పైపు బిగించారు. సరైన ఇంజినీరింగ్ డిజైన్ లేదు. ఆ పైపు విరిగి, సైక్లోహెక్సేన్ ఆవిరి మేఘంలా వ్యాపించి పేలింది. ఆ పైపు వేసినవాళ్ళకు అది చురుకైన ఐడియాలాగే కనిపించి ఉంటుంది. మార్పును ముందు కాగితం మీద పరీక్షించి, అర్హులు సంతకాలు పెట్టాకే చేయాలన్న మేనేజ్‌మెంట్ ఆఫ్ చేంజ్ పద్ధతులు బలపడటానికి ఇలాంటి ప్రమాదాలే కారణం.

కాబట్టి ఐడియా ఎంతైనా స్వేచ్ఛగా రాయండి, అమలు మాత్రం చేంజ్ కంట్రోల్ దారిలోనే జరగాలి. ప్రాసెస్ ముట్టుకోకుండా మార్చగలిగేవి మీ దగ్గరా చాలా ఉంటాయి: షిఫ్టు అప్పగింత, లేబుళ్ళు కనిపించే తీరు, గౌన్ల గది దగ్గర రద్దీ, శిక్షణ ఇచ్చే పద్ధతి. వాటిలోనూ క్యూఏ (నాణ్యత విభాగం) ఆమోదం కావలసినవి ఉంటాయి, అడిగి చేయండి.

ఏఐని అడిగితే క్షణంలో యాభై ఐడియాలు ఇస్తుంది కదా?

ఇస్తుంది, వాడుకోండి. అయితే మీ జాబితా రాసుకున్న తర్వాత. 2024లో దోషీ, హౌజర్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఏఐ సాయంతో రాసిన చిన్న కథలు ఒక్కొక్కటిగా చూస్తే మెరుగ్గా ఉన్నాయి, అన్నీ కలిపి చూస్తే ఒకదానికొకటి పోలికలు ఎక్కువయ్యాయి. ఆఫీసులో అందరూ ఒకే ప్రశ్న అడిగితే అందరికీ ఒకలాంటి జవాబులే వస్తాయి. పైగా స్టోర్ ఇన్‌చార్జి సీట్లో ఉండరన్న సంగతి దానికి తెలియదు. కంపెనీ డ్రాయింగులు, కస్టమర్ల వివరాలు అందులో పెట్టొద్దని వేరే చెప్పాలా?

మన పక్కన జరిగిన ఉదాహరణ ఏదైనా ఉందా?

ఏటికొప్పాక బొమ్మలు. వరాహ నది ఒడ్డున, ఇప్పుడు అనకాపల్లి జిల్లాలో ఉన్న ఊరు. అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ లక్కతో రంగులద్దుతారు. రసాయన రంగులు వచ్చి పాత రంగులు మరుగున పడ్డ కాలంలో సి.వి. రాజు గారు గింజలు, బెరళ్ళు, వేళ్ళు, ఆకుల నుంచి తీసే సహజ రంగులను మళ్ళీ లక్కలో కలిపే పని పట్టుకున్నారు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు అదొక పెద్ద బలం. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు, రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చాయి. పరాయి రంగం నుంచి తెచ్చింది లేదు, ఊళ్ళో ఉన్న తెలివినే కొత్త అవసరానికి అతికారు. మీ కంపెనీలో రిటైర్ కాబోతున్న ఫోర్‌మన్ దగ్గర అలాంటిది ఏముందో, ఆయన వెళ్ళేలోపు అడిగి పెట్టుకోండి.

నా ఐడియా కంపెనీది అయిపోతుందా? పేటెంట్ తీసుకోవచ్చా?

ముందు మీ అపాయింట్‌మెంట్ ఆర్డర్ చదవండి. ఉద్యోగంలో ఉండగా కనిపెట్టింది కంపెనీకే చెందుతుందన్న షరతు చాలావాటిలో ఉంటుంది. మన పేటెంట్ల చట్టం 1970 నాటిది. కొత్తదై ఉండాలి, ఆ రంగం తెలిసినవాళ్ళకు ఇట్టే తోచేది కాకూడదు, పరిశ్రమలో ఉపయోగపడాలి. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ళు రక్షణ. పూర్తి వివరాలు సిద్ధంగా లేకపోతే ముందు తాత్కాలిక దరఖాస్తు వేసి, 12 నెలల్లోగా పూర్తిది దాఖలు చేయవచ్చు. ఆంధ్రప్రదేశ్ చెన్నై పేటెంట్ కార్యాలయం కిందికి వస్తుంది, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే వేయవచ్చు.

దరఖాస్తు వేయకముందే యూట్యూబ్‌లో, ఎగ్జిబిషన్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేస్తే అది కొత్తదన్న హక్కే పోవచ్చు. రాడ్లు రెండు విడతలుగా ఇవ్వడం లాంటివాటికి పేటెంట్ రాదు, దాని గురించి బెంగ వద్దు.

ఏదైనా కోర్సులో చేరాలంటే ఎలా ఎంచుకోవాలి?

మూడు అడగండి. మా ఆఫీసు సమస్య తెచ్చుకోవచ్చా? తరగతికీ తరగతికీ మధ్య పనిచోట చేసి చూడాల్సింది ఇస్తారా? రెండు నెలల తర్వాత ఏమైందని అడిగేవాళ్ళు ఉంటారా? మూడింటికీ అవునంటే చేరండి. కుడి మెదడు ఎడమ మెదడు అంటూ మొదలుపెట్టినవాళ్ళ దగ్గర ఫీజు కట్టేముందు ఇంకోసారి ఆలోచించండి. సర్టిఫికెట్ ఇస్తారా అని కూడా చాలామంది అడుగుతారు. ఇస్తారు, హెచ్‌ఆర్ ఫైల్లో పెట్టుకోవడానికి బాగానే ఉంటుంది.